ఎనిమిది గంటల వడ్రంగి

వడ్రంగి అవసరం లేని ఊరు లేదు. గుమ్మం కావాలన్నా, నాగలి కావాలన్నా, మంచం కోడు విరిగినా ఆయన దగ్గరికే పోవాలి. చేతిలో పని ఉన్నవాడు ఎక్కడికి పోయినా బతుకుతాడని మన పెద్దలు అంటారు. అలా చేతిపనిని నమ్ముకుని సముద్రాలు దాటి పోయిన ఒక వడ్రంగి కథ ఇది. ఆయన పేరు శామ్యూల్ డంకన్ పార్నెల్. పుట్టింది ఇంగ్లండు దేశంలో. స్థిరపడింది న్యూజిలాండు దేశంలో.

పార్నెల్ రాజు కాదు. సేనాపతి కాదు. రంపం, ఉలి, సుత్తి పట్టుకుని బతికినవాడు. కానీ ఆయన ఒక మాట అన్నాడు. రోజుకు 8 గంటలే పని చేస్తాను అన్నాడు. ఆ మాట మీద నిలబడ్డాడు. అందుకే న్యూజిలాండు ప్రజలు ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటారు.

ఈ కథకు ఇంకో వైపు కూడా ఉంది. పార్నెల్ పోయి స్థిరపడిన నేల ఖాళీ నేల కాదు. అక్కడ అంతకు ముందే మనుషులు ఉన్నారు. వాళ్ళ నేల వాళ్ళ చేయి ఎలా జారిపోయింది? అది కూడా తెలుసుకోవాలి. రెండు వైపులూ చూస్తేనే కథ మొత్తం తెలిసినట్టు.

లండన్ కార్ఖానాలో

పార్నెల్ 1810వ సంవత్సరం ఫిబ్రవరి 19న లండన్ నగరంలో పుట్టాడు. చిన్నతనంలోనే వడ్రంగం నేర్చుకోవడానికి పనిలో కుదిరాడు. పని నేర్చుకుని, థియోబాల్డ్స్ రోడ్డులో ఉన్న ఒక పెద్ద వడ్రంగి కార్ఖానాలో చేరాడు.

ఆ రోజుల్లో లండన్‌లో పనివాళ్ళ బతుకు ఎలా ఉండేది? పొద్దున 6 గంటలకు గంట మోగేది. గంట మోగేసరికి పనిముట్లతో సిద్ధంగా ఉండాలి. కొంచెం ఆలస్యమైనా పావు రోజు కూలి పోయేది. చీకటి పడే దాకా పని. బట్టల మిల్లుల్లో అయితే ఇంకా ఘోరం. ఆడవాళ్ళు, చిన్న పిల్లలు కూడా 12 గంటలు, 13 గంటలు నిలబడి పని చేసేవాళ్ళు.

ఇంత పని ఎందుకు చెయ్యాలి? ఈ ప్రశ్న అప్పుడప్పుడే మొదలైంది. రాబర్ట్ ఓవెన్ అనే ఆయన ఒక మిల్లు యజమాని. యజమాని అయి కూడా ఆయన పనివాళ్ళ పక్షాన మాట్లాడాడు. రోజును మూడు భాగాలు చెయ్యాలి అన్నాడు. ఒక భాగం పనికి, ఒక భాగం విశ్రాంతికి, ఒక భాగం మనిషి తన సొంతానికి. రోజుకు 24 గంటలు. మూడు భాగాలు చేస్తే ఒక్కో భాగం 8 గంటలు. లెక్క చాలా సులువు. కానీ ఆ లెక్కను అమలు చేసిన యజమానులు లేరు.

పార్నెల్ కార్ఖానాలో తోటి పనివాళ్ళతో దీని గురించి వాదించేవాడు. 1834లో ఇంగ్లండులో ఒక పెద్ద కార్మిక సంఘం పుట్టింది. దేశంలోని అన్ని పనులవాళ్ళనూ ఒక్కటి చెయ్యాలని దాని ఉద్దేశం. పని గంటలు తగ్గించాలని అడగండి, అప్పుడు చేరతాను అన్నాడు పార్నెల్. సంఘం ఒప్పుకోలేదు. పార్నెల్ చేరలేదు. కార్ఖానా వదిలి సొంతంగా పని పెట్టుకున్నాడు.

చూశారా! ఎనిమిది గంటల ఆలోచన ఆయన కొత్త దేశానికి పోయాక పుట్టింది కాదు. పాత దేశం నుంచే మూటగట్టుకుని పోయాడు. అక్కడ ఎవరూ వినలేదు. అంతే తేడా.

భూమి అమ్మిన కంపెనీ

న్యూజిలాండు ఎక్కడుందో తెలుసా? మన దేశం నుంచి ఆగ్నేయంగా పోతే ఆస్ట్రేలియా వస్తుంది. అది దాటి ఇంకా ముందుకు పోతే పసిఫిక్ మహాసముద్రంలో రెండు పెద్ద దీవులు కనిపిస్తాయి. అదే న్యూజిలాండు. మనకు ఎండాకాలం అయితే వాళ్ళకు చలికాలం. మనకు చలికాలం అయితే వాళ్ళకు ఎండాకాలం.

అంత దూరం ఇంగ్లండు మనుషులు ఎందుకు పోయారు? అప్పుడు ఇంగ్లండులో జనం పెరిగారు. పట్నాల్లో ఇళ్ళు ఇరుకు. పనులు నమ్మకం లేనివి. పల్లెల్లో సొంత భూమి ఉన్నవాళ్ళు తక్కువ. కొత్త దేశానికి పోతే పని దొరుకుతుంది, భూమి కూడా దొరుకుతుంది అనే ఆశ చాలామందికి ఉండేది.

ఆ ఆశ మీదే ఒక వ్యాపారం నడిచింది. లండన్‌లో న్యూజిలాండు కంపెనీ అని ఒకటి పెట్టారు. దాని వెనక ఎడ్వర్డ్ గిబ్బన్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన ఆలోచన ఉంది. ఆ ఆలోచన ఇది. కొత్త దేశంలో భూమిని ఊరికే ఇవ్వకూడదు. ధర పెట్టి అమ్మాలి. ఆ డబ్బులో కొంత ఖర్చు పెట్టి కూలీలను, చేతిపనివాళ్ళను ఓడల్లో తీసుకుపోవాలి. భూమికి ధర ఉంటే కూలివాడు పోగానే రైతు కాలేడు. కొన్నేళ్ళు డబ్బున్నవాళ్ళ దగ్గర కూలి చెయ్యక తప్పదు. అంటే కొత్త దేశంలో కూడా యజమాని యజమానిగానే ఉండాలి, కూలి కూలిగానే ఉండాలి అని లెక్క వేశారు.

కంపెనీ ఎకరా ఒక పౌండు చొప్పున అమ్మింది. పౌండు అంటే ఇంగ్లండు డబ్బు. 101 పౌండ్లు కడితే పట్నంలో ఒక ఎకరం, బయట 100 ఎకరాలు. డబ్బు కట్టినవాళ్ళకు ఒక కాగితం ఇచ్చేవాళ్ళు. 1839 జూలైలో లండన్‌లో చీటీలు తీసి ఎవరి వంతు ముందో, ఎవరి వంతు వెనకో తేల్చారు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. చీటీలు తీసిన రోజుకు కంపెనీ చేతిలో అక్కడ ఒక్క ఎకరం కూడా లేదు! భూమి కొనడానికి పంపిన ఓడ ఇంకా దారిలోనే ఉంది. ముందు అమ్మారు, తర్వాత కొనడానికి పోయారు. ఇల్లు కట్టకముందే అద్దెకు ఇచ్చినట్టు ఉంది గదా!

ఓడ ప్రయాణం

1839లో పార్నెల్ పెళ్ళి చేసుకున్నాడు. భార్య పేరు మేరీ ఆన్. పెళ్ళయిన కొద్ది రోజులకే ఇద్దరూ 'డ్యూక్ ఆఫ్ రాక్స్‌బర్గ్' అనే ఓడ ఎక్కారు.

అప్పటికి ఆవిరి ఓడలు ఆ దారిలో తిరగడం లేదు. ఇది తెరచాప ఓడ. గాలి వీస్తేనే కదులుతుంది. దాదాపు నాలుగు నెలలు సముద్రం మీదే గడిచింది. పెట్టెలో పట్టినన్ని బట్టలు, పనిముట్లు తప్ప వెంట ఏమీ పోవు. అయినవాళ్ళను మళ్ళీ చూస్తామనే నమ్మకం లేదు. ఒక ఉత్తరం పోయి జవాబు రావాలంటే దాదాపు ఏడాది. అప్పుడు వలస పోవడం అంటే పుట్టిన ఊరితో రుణం తీరిపోవడమే.

1840 ఫిబ్రవరి 8న ఓడ న్యూజిలాండు ఒడ్డుకు చేరింది. ఆ రేవు పేరు పోర్ట్ నికల్సన్. ఇప్పుడు న్యూజిలాండు రాజధాని వెల్లింగ్టన్ ఉన్నది అక్కడే. కానీ ఆ రోజు అక్కడ పట్నం లేదు. వీధి లేదు. ఎదురుగా పెటోని అనే ఇసుక తీరం. వెనక కొండలు, దట్టమైన అడవి. ఒడ్డున మావోరీ ప్రజల ఊళ్ళు. మావోరీలు అంటే ఆ దేశపు మొదటి ప్రజలు.

ముగ్గురే వడ్రంగులు

పార్నెల్ వచ్చిన ఓడలోనే జార్జ్ హంటర్ అనే వ్యాపారి కూడా వచ్చాడు. ఓడల మీద వచ్చే సరుకులు దాచుకోవడానికి ఆయనకు ఒక గోదాము కావాలి. ఒడ్డున దిగగానే ఆయన పార్నెల్‌ను అడిగాడు. నాకు గోదాము కట్టిపెడతావా అన్నాడు.

పార్నెల్ సరే అన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. రోజుకు 8 గంటలే పని చేస్తానన్నాడు.

హంటర్‌కు ఇది వింతగా తోచింది. లండన్‌లో పొద్దున 6 గంటలకే గంట మోగుతుందని, ఆ వేళకు రానివాడికి కూలి తెగుతుందని గుర్తు చేశాడు. పార్నెల్ తొణకలేదు. ఇది లండన్ కాదు గదా అన్నాడు. దేవుడు ఇచ్చిన రోజులో 24 గంటలున్నాయి, పనికి 8, నిద్రకు 8 పోతే మిగిలిన 8 మనిషికి నచ్చిన పని చేసుకోవడానికి ఉండాలి అని చెప్పాడు. అలా కుదరకపోతే పని మొదలుపెట్టనని లేచి పోబోయాడు.

హంటర్ ఏం చెయ్యగలడు? వేరే వడ్రంగిని పిలుద్దామంటే ఎక్కడున్నారు? ఆ కొత్త ఊరు మొత్తానికి అప్పుడు ఉన్నది ముగ్గురే వడ్రంగులు. సరుకు ఒడ్డున పడి ఉంది. వాన వస్తే పాడైపోతుంది. హంటర్ ఒప్పుకున్నాడు.

పార్నెల్ గెలవడానికి కారణం ఏమిటి? ఆయన పట్టుదల ఒక కారణం. కానీ అదొక్కటే కాదు. లండన్‌లో కూడా ఆయనకు ఇంతే పట్టుదల ఉంది. అక్కడ గెలవలేదు. లండన్‌లో ఒక పనికి పదిమంది ఎదురు చూస్తూ ఉంటారు. నువ్వు కాకపోతే ఇంకొకడు అంటాడు యజమాని. పెటోని ఒడ్డున పనులు ఎన్నో, పనివాళ్ళు కొందరే. అక్కడ పనివాడి మాటకు విలువ వచ్చింది. కూలి రేటు అయినా, పని గంటలు అయినా ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటాయి. నాట్ల కాలంలో కూలి రేటు పెరగడం, పనులు లేని రోజుల్లో తగ్గడం మీరు చూస్తూనే ఉంటారు.

ఒక్కడి మాట అందరి మాట అయింది

ఈ లెక్క పార్నెల్‌కు బాగా తెలుసు. కొత్త ఓడలు వస్తూ ఉంటాయి. ఓడల్లో వడ్రంగులు, తాపీ పనివాళ్ళు, కమ్మరులు వస్తారు. వాళ్ళు 10 గంటలకో 12 గంటలకో ఒప్పుకుంటే తన 8 గంటలు నిలవవు. అందుకని ఓడ రాగానే పార్నెల్ పోయి దిగినవాళ్ళను కలిసేవాడు. ఇక్కడ పని 8 గంటలే, అంతకు మించి ఒప్పుకోవద్దు అని చెప్పేవాడు.

1840లోనే పెటోని దగ్గరి నది పొంగింది. ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. దాంతో జనం రేవుకు అవతలి వైపుకు మారారు. అక్కడే వెల్లింగ్టన్ పట్నం పెరిగింది. ఆ ఏడాది అక్టోబరులో పనివాళ్ళంతా ఒక హోటలు ముందు సమావేశం పెట్టుకున్నారు. పొద్దున 8 గంటలకు పని మొదలు. సాయంత్రం 5 గంటలకు ముగింపు. మధ్యలో భోజనం. ఎవరైనా దీనికి తక్కువగా, అంటే ఎక్కువ గంటలకు ఒప్పుకుంటే వాణ్ణి తీసుకుపోయి రేవులో ముంచాలి అని తీర్మానం చేశారు! నవ్వు వచ్చే శిక్షే గానీ, మాట మాత్రం గట్టి మాట.

1841లో పట్నం నుంచి లోయ దాకా రోడ్డు వేసే పని జరిగింది. అక్కడ కూలీల చేత ఎక్కువ గంటలు చేయించాలని చూశారు. కూలీలు పని ఆపేశారు. చివరికి 8 గంటల లెక్కనే పని మళ్ళీ మొదలైంది.

గమనించండి. మొదట ఒక్క మనిషి అడిగాడు. ఆయనకు దొరికింది. కానీ నిలబెట్టింది మాత్రం అందరూ కలిసి. హంటర్ ఒక్కడితో కుదిరిన ఒప్పందం ఆ గోదాముతోనే అయిపోయేది. పదిమంది కలిసి చేసిన తీర్మానం పట్నానికి అలవాటుగా మారింది.

ఆ నేల ఎవరిది?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం.

పోర్ట్ నికల్సన్ చుట్టూ అప్పటికే మావోరీల ఊళ్ళు ఉన్నాయి. పెటోని దగ్గర తె ఆతి అవ అనే తెగ ఉండేది. తె పుని, తె ఫారెపౌరి వాళ్ళ పెద్దలు. వాళ్ళు చిలగడదుంప, బంగాళాదుంప పండించేవాళ్ళు. చేపలు పట్టేవాళ్ళు. భూమి ఒక్క మనిషి సొత్తు కాదు, తెగ మొత్తానిది. అమ్ముకోవడం అనేది వాళ్ళ పద్ధతిలో లేదు. అతిథికి ఉండటానికి చోటు ఇవ్వడం, వాడుకోనివ్వడం ఉంది.

1839 సెప్టెంబరులో కంపెనీ ఓడ అక్కడికి వచ్చింది. కంపెనీ తరఫున వచ్చినవాడు విలియం వేక్‌ఫీల్డ్. ముందు చెప్పుకున్న వేక్‌ఫీల్డ్‌కు తమ్ముడు. తుపాకులు, దుప్పట్లు, ఇనప పాత్రలు, గొడ్డళ్ళు, పొగాకు, గొడుగులు తెచ్చి పెద్దల ముందు పెట్టాడు. సెప్టెంబరు 27న ఒక దస్తావేజు మీద వాళ్ళ చేత గుర్తులు పెట్టించాడు.

ఆ దస్తావేజు ఇంగ్లీషులో ఉంది. గుర్తులు పెట్టినవాళ్ళకు ఇంగ్లీషు చదవడం రాదు. దుబాసీగా ఉన్నది రిచర్డ్ బారెట్ అనే ఆయన. తిమింగలాల వేట ఆయన వృత్తి. మావోరీ భాష ఆయనకు అరకొరగానే వచ్చు. కోర్టు మాటలు, దస్తావేజు మాటలు వాళ్ళ భాషలో చెప్పే శక్తి ఆయనకు లేదు. కాగితంలో ఏముంది? కొండల నుంచి సముద్రం దాకా నేల మొత్తం శాశ్వతంగా కంపెనీకి ఇచ్చేసినట్టు ఉంది. పదో వంతు మావోరీలకు వదులుతామని రాశారు. పెద్దలు అనుకున్నది వేరు. కాగితంలో ఉన్నది వేరు.

కొద్ది నెలలకు ఇంకో కాగితం వచ్చింది. 1840 ఫిబ్రవరి 6న వైటాంగి అనే చోట ఇంగ్లండు రాణి తరఫువాళ్ళు, మావోరీ పెద్దలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. అప్పటికి పార్నెల్ ఓడ ఒడ్డు చేరడానికి రెండు రోజులే ఉంది. తర్వాత ఆ ఒప్పందాన్ని దేశమంతా తిప్పారు. మొత్తం 500 మందికి పైగా పెద్దలు సంతకాలో గుర్తులో పెట్టారు. పోర్ట్ నికల్సన్ పెద్దలు ఏప్రిల్‌లో పెట్టారు. ఆ ఒప్పందాన్ని రెండు భాషల్లో రాశారు. రెండింటి అర్థం ఒకటి కాదు. ఇంగ్లీషు కాగితంలో సర్వాధికారం రాణికి ఇచ్చినట్టు ఉంది. మావోరీ కాగితంలో పరిపాలన మాత్రం ఇచ్చి, నేల మీద, ఊళ్ళ మీద పెద్దరికం తమ దగ్గరే ఉంచుకున్నట్టు ఉంది. ఆ తేడా మీద న్యూజిలాండులో ఇప్పటికీ చర్చ జరుగుతూనే ఉంది.

వలస వచ్చినవాళ్ళను తె పుని మనుషులు తరిమెయ్యలేదు. తిండి అమ్మారు. రెల్లు, ఆకులతో గుడిసెలు కట్టుకోవడంలో సాయం చేశారు. కానీ ఓడ తర్వాత ఓడ వచ్చింది. ఒక్క 1840లోనే వెయ్యి మందికి పైగా దిగారు. ఇంతమంది వస్తారని మావోరీలు అనుకోలేదు. సర్వే వాళ్ళు గొలుసులు పట్టుకుని వాళ్ళ దుంప తోటల మీదుగా కూడా కొలతలు వేశారు. తర్వాత ప్రభుత్వం విచారణ జరిపించింది. 1844లో కొంత నష్టపరిహారం ఇప్పించింది. కానీ నేల మాత్రం తిరిగి రాలేదు.

పార్నెల్ కూడా భూమి కొనుక్కున్నవాడే. ఆయన ఎవరినీ కొట్టి లాక్కోలేదు. డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. అయినా అమ్మినవాడికి న్యాయమైన హక్కు లేనప్పుడు కొన్నవాడి కింద నేల ఎవరిది? ఒకే ఒడ్డున రెండు సంగతులు జరిగాయి. లండన్‌లో దొరకని న్యాయం ఒక పనివాడికి దొరికింది. తరతరాలుగా ఉన్న నేల ఒక తెగ చేతిలోంచి పోయింది. ఒకటి నిజం కాబట్టి రెండోది అబద్ధం అయిపోదు.

పార్నెల్ కుటుంబం

పార్నెల్ వెల్లింగ్టన్‌లోనే ఉండిపోయాడు. వడ్రంగం చేశాడు. భూమి మీద కూడా బతికాడు. అక్కడ వడ్రంగికి పని కరువు లేదు. 1848లో పెద్ద భూకంపం వచ్చింది. ఇటుక గోడలు కూలిపోయాయి. చెక్క ఇళ్ళు ఊగాయి గానీ చాలావరకు నిలబడ్డాయి. 1855లో అంతకంటే పెద్ద భూకంపం వచ్చింది. అప్పటి నుంచి వెల్లింగ్టన్ చాలాకాలం చెక్క ఇళ్ళ పట్నంగా ఉండిపోయింది.

మేరీ ఆన్ చనిపోయాక పార్నెల్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. రెండో భార్య కూడా ఆయనకంటే ముందే కన్నుమూసింది. ఇద్దరి వల్లా పిల్లలు లేరు. కాబట్టి ఈ కుటుంబ కథలో కొడుకులు, మనుమలు, పంపకాలు లేవు.

ఇక్కడ ఆడవాళ్ళ సంగతి ఒకటి ఆలోచించాలి. కొత్త దేశంలో మగవాడు సాయంత్రం 5 గంటలకు పని దించేవాడు. ఇంటి ఆడమనిషికి ఏ గంట మోగేది? నీళ్ళు మొయ్యడం, కట్టెలు కొట్టడం, రొట్టె చెయ్యడం, బట్టలు ఉతకడం, ఇవన్నీ పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా ఉండేవి. హోటలు ముందు చేసిన తీర్మానంలో ఈ పని లెక్కలోకి రాలేదు.

యాభై ఏళ్ళ తర్వాత

1890 నాటికి పార్నెల్‌కు 80 ఏళ్ళు. పెటోని ఒడ్డున ఎనిమిది గంటలు అడిగి 50 ఏళ్ళు అయింది. ఆ ఏడాది అక్టోబరు 28న న్యూజిలాండు కార్మిక సంఘాలు మొదటిసారి కార్మిక దినం జరిపాయి. వెల్లింగ్టన్‌లో పెద్ద ఊరేగింపు తీశారు. నాలుగు గుర్రాల బండిలో ముసలి పార్నెల్‌ను కూర్చోబెట్టి తీసుకుపోయారు.

అది జరిగి రెండు నెలలు కూడా కాలేదు. డిసెంబరు 17న ఆయన చనిపోయాడు. పిల్లలు లేని ఆ వడ్రంగిని సాగనంపడానికి వేలమంది వచ్చారు. ఆయన సమాధి వెల్లింగ్టన్‌లోని బోల్టన్ వీధి శ్మశానంలో ఉంది.

అలవాటు, చట్టం

అలవాటు వేరు, చట్టం వేరు. వెల్లింగ్టన్‌లో వడ్రంగులకు, తాపీ పనివాళ్ళకు ఎనిమిది గంటలు అలవాటుగా నిలిచాయి. చేతిపని రానివాళ్ళకు, దుకాణాల్లో పని చేసేవాళ్ళకు, ఇళ్ళలో పని చేసేవాళ్ళకు చాలాకాలం అది అందలేదు. 1873లో కార్ఖానాల్లో పని చేసే ఆడవాళ్ళకు 8 గంటలు మించకూడదని చట్టం వచ్చింది. 1899లో కార్మిక దినాన్ని సెలవు రోజుగా చేస్తూ చట్టం చేశారు. ఇప్పుడు అక్కడ ప్రతి ఏటా అక్టోబరు నాలుగో సోమవారం కార్మిక దినం. వారానికి 40 గంటల పని అనే పద్ధతి 1936లో వచ్చింది.

మిగతా దేశాల్లో కూడా పోరాటం జరిగింది. 1856లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రాతిపనివాళ్ళు పని ఆపి 8 గంటలు సాధించారు. 1886లో అమెరికాలోని చికాగోలో ఇదే కోరిక మీద సమ్మె జరిగింది. రక్తం చిందింది. మనం చేసుకునే మే డే దాని గుర్తే.

మన దేశంలో ఫ్యాక్టరీల పని గంటలు మెట్టు మెట్టుగా తగ్గాయి. 1922లో రోజుకు 11 గంటలు. 1934లో 10 గంటలు. 1946లో వారానికి 48 గంటలు అని చట్టం మార్చారు. అప్పుడు కార్మిక శాఖ చూసినవాడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా వారానికి 48 గంటల లెక్కనే ఉంచింది. కానీ పొలం కూలికి, ఇంట్లో బీడీలు చుట్టే ఆడమనిషికి, ఇటుక బట్టీ దగ్గర బతికే కుటుంబానికి గంటలు లెక్క పెట్టేవాళ్ళు తక్కువ.

మావోరీల పక్షం

మావోరీలు ఊరుకున్నారా? లేదు. మిషనరీల దగ్గర కొందరు అక్షరాలు నేర్చుకున్నారు. వాళ్ళ దగ్గర ఇంకా ఎంతోమంది నేర్చుకున్నారు. కాగితం వల్ల నేల పోయింది. ఆ కాగితం మీదే జవాబు రాయాలని తెలుసుకున్నారు. ప్రభుత్వానికి ఉత్తరాలు రాశారు. అర్జీలు పెట్టారు. ఒక తరం తర్వాత ఒక తరం అడుగుతూనే వచ్చింది.

1975లో న్యూజిలాండు ప్రభుత్వం వైటాంగి ట్రిబ్యునల్‌ను పెట్టింది. 1985లో దానికి 1840 నుంచి జరిగిన అన్యాయాలను విచారించే అధికారం ఇచ్చారు. 2003లో ట్రిబ్యునల్ వెల్లింగ్టన్ నేల మీద తన నివేదిక ఇచ్చింది. 1839 నాటి దస్తావేజు చెల్లదని తేల్చింది. 2008లో ప్రభుత్వం ఆ తెగలతో ఒప్పందం చేసుకుంది. తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. కొంత డబ్బు, కొన్ని స్థలాలు ఇచ్చింది. 2009లో దానికి చట్టం చేశారు. ఒక దస్తావేజు తప్పని తేలడానికి 160 ఏళ్ళకు పైగా పట్టింది!

మనం తెలుసుకోవలసింది

పార్నెల్‌కు వారసులు లేరు. కానీ సాయంత్రం పని దించి ఇంటికి పోయే ప్రతి పనివాడూ ఆయనలాంటి వాళ్ళు సంపాదించిన ఆస్తిని అనుభవిస్తున్నట్టే. ఆ ఆస్తి ఏమిటి? తన సొంతానికి మిగిలిన ఎనిమిది గంటలు. చదువుకోవడానికైనా, పిల్లలతో కూర్చోవడానికైనా, నలుగురితో మాట్లాడటానికైనా ఆ గంటలే కావాలి.

తె పుని వారసులకు మిగిలింది వేరు. తాతలు చదవలేని కాగితం మీద పెట్టిన గుర్తు, దాన్ని సరిదిద్దుకోవడానికి తరాల కష్టం. అందుకే ఏ కాగితమైనా సరే, చదివి, అర్థం చేసుకుని, తెలియనిది అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. మనకు చదివి వినిపించేవాడు నమ్మకస్తుడా కాదా అని కూడా చూసుకోవాలి.

ఆలోచించండి, చర్చించండి

1. లండన్‌లో దొరకని 8 గంటల పని పార్నెల్‌కు పెటోనిలో ఎందుకు దొరికింది?

2. కొత్తగా వచ్చిన పనివాళ్ళను పార్నెల్ ఓడ దగ్గరికే పోయి ఎందుకు కలిశాడు?

3. దస్తావేజు మీద గుర్తు పెట్టినప్పుడు మావోరీ పెద్దలు ఏమనుకున్నారు? కాగితంలో ఏముంది?

4. మీ ఊళ్ళో మగవాళ్ళు రోజుకు ఎన్ని గంటలు పని చేస్తారు? ఆడవాళ్ళు ఇంటా బయటా కలిపి ఎన్ని గంటలు చేస్తారు? ఒక కాగితం మీద రాసి లెక్క కట్టండి.

5. మీరు ఎప్పుడైనా చదవకుండా సంతకమో వేలిముద్రో పెట్టారా? ఆ కాగితం ఇంట్లో ఉంటే తీసి ఇప్పుడు చదవండి.